ఒక్క మనిషి కోసం ఆగిన పన్నెండు పడవలు

ఓడలరేవు

పడవ ఎక్కడానికి నేను టిక్కెట్టు కొనడం నా డెబ్భై ఒకటో ఏట జరిగింది. అంతకు ముందు ఆ అవసరం రాలేదు. మా మామగారు, ఆయన తరువాత మా ఆయన, ఓడలరేవులో ఏరు దాటించే పడవ నడిపినవాళ్ళు. కాపురానికి వచ్చిన ఏడాదిలోనే నేను గెడ వేయడం నేర్చుకున్నాను. గెడ అంటే పడవని తోసే పొడవాటి వెదురు. అవతలి ఒడ్డుకి వెళ్ళి గడ్డి కోసుకుని, మోపుతో సహా ఒక్కదాన్నీ తిరిగి వచ్చేదాన్ని. మా ఆయన పోయాక పడవ అమ్మేశాం.

ఈ ప్రయాణం నా కోసం కాదు. మా వియ్యపురాలు నారాయణమ్మగారి కోసం. ఆవిడది అనంతపురం దగ్గర మెట్ట ఊరు. మా పద్మని వాళ్ళింటికి ఇచ్చి పంతొమ్మిదేళ్ళయింది. ఆవిడ మా ఊరు రావడం ఇది అయిదోసారి. వచ్చిన ప్రతిసారీ గుమ్మం ఎక్కకుండానే అడిగే మాట ఒకటే: "వదినా, ఈసారన్నా పడవ ఎక్కిస్తావా?"

మొదటిసారి వచ్చినప్పుడు ఏరు వరద మీద ఉంది. రెండోసారి వాళ్ళాయనకి బాగాలేదని ఫోను వస్తే మర్నాడే వెళ్ళిపోయారు. మూడోసారి మా పడవ ఒడ్డున బోర్లా పడుకుని తారు పూయించుకుంటోంది. నాలుగోసారికి పడవే లేదు. ప్రతిసారీ ఇంట్లో మగవాళ్ళు "వచ్చేసారి చూద్దాం లెండి" అన్నారు. ఆవిడ తల ఊపింది.

ఈసారి చేతికర్రతో దిగింది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయట. వచ్చే నెలలో ఆపరేషనుకి రోజు కూడా పెట్టేశారు. మా అల్లుడుగారు బెంగళూరులో డాక్టరుకి చూపించి, తల్లినీ పద్మనీ నాలుగు రోజుల కోసం మా ఇంటికి పంపారు. ఫోనులో నాతో అన్నారు: "అత్తయ్యగారూ, పడవ అంటాది మా అమ్మ, ఎక్కించొద్దండి. ఆపరేషన్ అయినాక నేనే తీసుకొస్తా."

"అప్పుడు మోకాళ్ళు కొత్తవి అవుతాయి బాబూ, మనిషి ఇంకో ఏడాది పాతదవుద్ది," అన్నాను.

ఆయన నవ్వేరు. నవ్వడానికి నేనేం చెప్పలేదు. నారాయణమ్మగారు అరుగు మీద కూచుని అన్నీ వింటోంది. ఆ రాత్రి అన్నం దగ్గర నాతో మెల్లిగా అంది: "ఆపరేషన్ బల్ల మీంచి లేస్తానో లేదో ఎవురికి తెలుసు వదినా. మా ఊర్ల ఆడోళ్ళంతా అడుగుతారు, గోదావరి జిల్లాలో సంబంధం చేసుకుంటివే, పడవ ఎక్కినావా అని. ఎక్కలేదంటే నగుతారు."

అప్పుడే అనుకున్నాను. ఈవిడ్ని పడవ ఎక్కించకుండా రైలు ఎక్కించను.

ఏటికి తీసుకెళ్దామంటే మా రేవులో ఇప్పుడు మెట్లు కూడా సరిగా లేవు, మోకాలి లోతు బురద. అది నేనూ ఒప్పుకున్నాను. చివరికి అల్లుడుగారే ఒక మధ్యేమార్గం చెప్పేరు. కొత్తపేట దాటాక కొబ్బరితోటల్లో కొత్తగా ఒక వినోదాల పార్కు పెట్టారట. అందులో సిమెంటు కాలవ, కాలవలో పడవలు, తొడ లోతు నీళ్ళు. పడినా మునగరు. మనిషికి నాలుగు వందల యాభై. ఫోనులోనే మూడు టిక్కెట్లు తీసేశారు.

నాలుగు వందల యాభై అని వినగానే మనసులో లెక్క కట్టాను. ఆ డబ్బుతో మా మామగారు ఊరు ఊరంతటినీ నెల్లాళ్ళు ఏరు దాటించేవారు.

అమలాపురం

పొద్దున్నే బయలుదేరాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు లేదు. ఊరికే వచ్చేది ఏదైనా నాకు అనుమానమే గాని, దీన్ని మాత్రం వదులుకోలేదు. నారాయణమ్మగారిని మెట్టు ఎక్కించడానికి కండక్టరమ్మ తానే దిగి చెయ్యి ఇచ్చింది. డ్రైవరు ఇంజను ఆపి కూచున్నాడు. ఎవరూ తొందర పెట్టలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత కావాలి.

దారంతా ఆవిడ కిటికీకి ముఖం ఆనించి కూచుంది. రోడ్డు పక్కన కాలవ, కాలవ పక్కన రొయ్యల చెరువు, చెరువు పక్కన వరిచేను, దాని పక్కన మళ్ళీ కాలవ.

"వదినా, ఇన్ని నీళ్ళు కాపలా లేకుండా వదిలేసినారే," అంది.

"నీళ్ళకి కాపలా ఏంటండి వదినగారూ?"

"మా ఊర్ల ట్యాంకరు వస్తే బిందెల కాడ మనిషిని పెట్టి పోతాము. కన్ను తిప్పితే వరస పోతాది."

ఏడాదికోసారి ఇంట్లోకొచ్చే నీళ్ళని తిట్టుకుంటూ బతికినదాన్ని నేను.

ఆవిడ నన్ను నువ్వు అంటుంది. నేను ఆవిడ్ని మీరు అంటాను. మొదటేడు ఆ నువ్వు నా చెవికి రాయిలా తగిలింది. మా వైపు వియ్యపురాలిని నువ్వు అంటే తగువు పెట్టుకున్నట్టే. వాళ్ళ వైపు మీరు అంటే దూరం పెట్టినట్టట. అందుకని నా మీరు ఆవిడకి తగిలింది. ఈ సంగతి ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోవడానికి ఏడేళ్ళు పట్టింది. చెప్పుకున్నాక కూడా ఎవరి అలవాటు వారు మార్చుకోలేదు.

అమలాపురంలో బస్సు మారేలోపు హోటల్లో పెసరట్టు తిన్నాం. లోపల ఉప్మా పెట్టి ఇస్తే ఆవిడ విప్పి చూసి, "టిఫినీలో టిఫినీ పెట్టినారా?" అంది. వాళ్ళకి పొద్దున బొరుగులతో చేసే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలి. పెసరట్టు ఎనభై రూపాయలు. ముగ్గురికీ రెండు చెప్పి, ఖాళీ ప్లేటు ఒకటి అడిగాను. పద్మ తల దించుకుంది. నా కూతురు ఆకలితో మాత్రం లేవలేదు.

కొత్తపేట

ఆ సాయంత్రం పద్మతో చదువుకున్న అమ్మాయి ఇంట్లో ఉన్నాం. ఆ పిల్ల పనసపొట్టు కూర వండింది, ఆవపిండి బాగా పెట్టింది. నారాయణమ్మగారు ముక్కు తుడుచుకుంటూ రెండుసార్లు వేయించుకుంది.

తెల్లారి నాలుగింటికి లేచి నిమ్మకాయ పులిహోర కలిపాను. ఊరమిరపకాయలు వేయించాను. సీసాలో మజ్జిగ పోశాను. పార్కులో మంచినీళ్ళ సీసాయే నలభై రూపాయలని పద్మ అంతకు ముందే చెప్పింది. చెప్పి తప్పు చేసింది.

గేటు దగ్గర

గేటు దగ్గర కాపలా ఆయన సంచి విప్పించి చూశాడు. "బయటి తిండి లోపలికి తేకూడదండి," అన్నాడు.

"గిన్నెలో తేకూడదా, ఎలాగూ తేకూడదా?"

"అంటే అండి?"

"కడుపులో పెట్టుకుని తెస్తే?"

ఆయన సంచి తిరిగి నా చేతికిచ్చాడు. "అది మేం చూడమండి," అన్నాడు.

గేటు పక్కనే నీడ ఉంది. తువ్వాలు పరుచుకుని ముగ్గురం కూచున్నాం. పొద్దున్న తొమ్మిదిన్నరకి మధ్యాహ్నం అన్నం తినేశాం. కార్లలో దిగేవాళ్ళు మమ్మల్ని చూసుకుంటూ వెళ్ళారు. నేనూ వాళ్ళని చూశాను. మిగిలింది కాపలా ఆయనకి పెడితే నిలబడే తిని, "నిమ్మకాయ కాదండీ, చింతపండే బావుంటాది," అన్నాడు. ఖాళీ సంచి ఆయన దగ్గరే పెట్టి లోపలికి వెళ్ళాం.

లోపల చూసినవాటిలో సగం నాకు నచ్చలేదు. చెబుతాను. ఒకప్పుడు అది మంచి కొబ్బరితోట. చెట్లు కొట్టేసి, ఆ చోట ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు పాతారు. వాటికి ప్లాస్టిక్ గెలలు. వాటి కింద నిజం బొండం అరవై రూపాయలకి అమ్ముతున్నారు. మా దొడ్లో దించినదాన్ని బేరగాడు పదిహేనుకి అడిగితే నేను ఇరవై దాకా లాగుతాను. పిల్లలు మాత్రం సంతోషంగానే ఉన్నారు. వాళ్ళ కేకలు బావున్నాయి.

పడవల దగ్గర

కాలవ అడుగున నీలంరంగు వేశారు. అందుకని నీళ్ళు నీలంగా కనబడతాయి. మా ఏరు వరదకి ఎర్రగా వస్తుంది, తేటపడితే పచ్చగా ఉంటుంది. ఇంత నీలం నేను బట్టల దగ్గర తప్ప చూడలేదు. ఒడ్డున బొమ్మ మొసలి ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. బొమ్మ నీటి ఏనుగు ఒకటి. ఎక్కడినుంచో పాట మోగుతోంది. పడవలు చిన్నవి, నాలుగేసి మందికి, మీద ఆకు కప్పినట్టు చేశారు. రెండు వైపులా తెడ్లు ఉన్నాయి గాని కదలవు, మేకులు కొట్టేశారు.

అరుగు మీద పెద్ద బోర్డు ఉంది. నేను అయిదో తరగతి దాకానే చదివాను, కూడబలుక్కునైనా పూర్తిగా చదువుతాను. గుండెజబ్బు ఉన్నవారు ఎక్కరాదు. గర్భిణులు ఎక్కరాదు. చేతికర్రతో నడిచేవారు ఎక్కరాదు.

మూడోది పద్మ కూడా చదివింది. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నారాయణమ్మగారికి చదువు రాదు. ఆవిడ పడవలనే చూస్తోంది.

పడవలు ఎక్కించే చోట ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ముప్ఫై అయిదు ఉంటాయి. ఆకుపచ్చ చొక్కా, మెళ్ళో కార్డు, పక్కన ఇనప పెట్టెకి ఎర్ర మీట. పేరు దుర్గ అని తరువాత తెలిసింది. ముమ్మిడివరం అమ్మాయి. నారాయణమ్మగారి కర్ర చూసి మర్యాదగానే చెప్పింది.

"మామ్మగారూ, కర్ర ఉన్నవాళ్ళని ఎక్కించమండి. రూలండి."

"కర్ర ఇక్కడే పెట్టేస్తాం."

"అది కాదండి. పడవ ఆగదండి. మెల్లిగా నడుస్తానే ఉంటాది. నడుస్తుండగా గబుక్కున అడుగెయ్యాలి. ఈవిడ వెయ్యలేరు కదండి."

"ఆపి ఎక్కించు."

"పన్నెండు పడవలూ నీళ్ళడుగున ఒకే గొలుసుకి ఉన్నాయండి. ఒకటి ఆపితే అన్నీ ఆగిపోతాయండి."

"ఆగనీ."

"ఆయ్, అప్పుడు రేపట్నుంచి నా పని కూడా ఆగిపోద్దండి," అంది దుర్గ.

ఆ పిల్ల మాట అబద్ధం కాదు. ఆమె మీద నాకు కోపం రాలేదు. కాని నేను అక్కడినుంచి కదలలేదు.

దీనికి కారణం చెప్పాలి. మా రేవులో ఒక పద్ధతి ఉండేది. రేవుకి ఎంతమంది వచ్చినా, నడవలేనివాళ్ళు ముందు. ముసలివాళ్ళు, నెలలు నిండినవాళ్ళు, జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళని కూచోబెట్టి, "సర్దుకున్నారా అండీ?" అని అడిగి, వాళ్ళు ఊఁ అన్నాకే మిగతావాళ్ళు ఎక్కాలి. ఆ తరువాతే గెడ. పోటు దాటిపోతున్నా సరే. ఒకసారి పెళ్ళివారి బృందం ముహూర్తానికి ఆలస్యమవుతోందని కేకలేస్తే, మా మామగారు గెడ ఇసకలో గుచ్చి, దానికి ఆనుకుని చుట్ట వెలిగించారు. అవతల ఒక ముసలాయన గట్టు దిగుతున్నాడు. ఆయన దిగి, కూచున్నాకే పడవ కదిలింది. బస్సు డ్రైవరు కూడా నిన్న అదే చేశాడు కదా. మనిషి కోసం పడవ ఆగుతుంది. పడవ ఆగదు కాబట్టి మనిషి ఆగిపోవాలని నేను ఎక్కడా వినలేదు.

అరుగు చివర ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. వెనక వరస పెరిగింది.

"అమ్మా, అందరూ చూస్తున్నారు," అంది పద్మ పళ్ళ మధ్యనుంచి.

"చూడనీ. చూడ్డానికేగా టిక్కెట్టు కొనుక్కున్నారు."

వరసలో ఒకాయన, "ఈ వయసులో ఎందుకండీ ఇయ్యన్నీ," అన్నాడు. "మీరు ఈ వయసుకి వచ్చేక చెబుతానండి," అన్నాను. ఆయన భార్య నవ్వేసింది.

నారాయణమ్మగారికి ఇప్పుడు సంగతి అర్థమైంది. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, "వద్దులే వదినా," అంది. "నా మూలంగా ఇంతమందికి అడ్డం ఎందుకు. వచ్చేసారి..."

"ఆ మాట అనకండి," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. "పంతొమ్మిదేళ్ళు మగాళ్ళు అన్నారు. మీరు కూడా అంటే ఇక అడిగేవాళ్ళుండరు."

కమ్మీకి ఇటు చివర నేను పట్టుకుంటే, అటు చివర ఆవిడ పట్టుకుంది.

మేనేజరు

మేనేజరు వచ్చాడు. చేతిలో మాట్లాడే యంత్రం, తెల్లచొక్కా. కుర్రాడే, మంచి మర్యాద.

"మామ్మగారూ, మీకు ఇబ్బంది కలిగినందుకు సారీ అండి. మీ మూడు టిక్కెట్ల డబ్బులూ వెనక్కి ఇచ్చేస్తామండి. ఇప్పుడే, చేతికి."

పదమూడు వందల యాభై. నేను నిజం చెబుతాను, నా చెయ్యి కమ్మీ మీద కొంచెం సడలింది. పేడ పడితే పిడక అనుకునే మనిషిని. రెండు పెసరట్లు ముగ్గురికి పంచినదాన్ని. వస్తానన్న డబ్బుని వద్దనడం నా ఒంట్లో లేదు. పద్మ నా ముఖం చూసి, "తీసుకో అమ్మా, వెళ్ళిపోదాం," అంది.

నారాయణమ్మగారు నావైపు చూడలేదు. నీళ్ళవైపు చూస్తోంది. పడవలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, ఆవిడ ముందునుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా వెళ్ళిపోతున్నాయి.

"డబ్బులు మీ దగ్గరే ఉంచుకోండి బాబూ," అన్నాను. "టిక్కెట్టు మీద పడవ అని రాశారు. పడవే కావాలి."

ఆయన కాసేపు యంత్రంలో ఎవరితోనో మాట్లాడాడు. తరువాత ఒక కాగితం తెప్పించాడు. ఏం జరిగినా మాదే బాధ్యత అని సంతకం పెడితే చూస్తామన్నాడు. కాగితం నిండా ఇంగ్లీషు.

"నేను చదవలేనిదాని మీద సంతకం పెట్టను," అన్నాను. "మా పడవ అమ్మినప్పుడు కూడా పెట్టలేదు. తెలుగులో రాయించండి."

"నాకు తెలుగు చదవడం వచ్చండి, రాయడం స్పీడు ఉండదండి," అన్నాడు ఆయన, పాపం నిజాయితీగా. చివరికి దుర్గ కాగితం వెనక్కి తిప్పి రాయడానికి కూచుంది. ఆమె అక్షరం గుండ్రంగా బావుంది. ఆయన చెప్పిందంతా రాశాక, నేను ఒక వాక్యం చెప్పాను: "పడవ పూర్తిగా ఆపి, ఈ మనిషి సర్దుకుని కూచున్నాకే నడుపుతాం." కింద ఆయన సంతకం కూడా కావాలన్నాను.

దుర్గ కలం ఆపి ఆయనవైపు చూసింది. ఆయన వరసవైపు చూశాడు. వరస అప్పటికి బొండాల కొట్టు దాకా వెళ్ళింది. వెనకనుంచి ఎవరో, "రాసెయ్యండి బాబూ, పొద్దుపోతంది," అన్నారు.

రాసింది. నేను సంతకం పెట్టాను. నారాయణమ్మగారు వేలిముద్ర వేసింది. ఆయన పెట్టాడు.

నీళ్ళ మీద

ఎక్కేముందు చెప్పులు విప్పి అరుగు మీద వదిలాను. చెప్పులతో పడవలో అడుగు పెట్టడం మా ఇంట్లో లేదు. అన్నం పెట్టిందాని మీద చెప్పుకాలు పెట్టేవాళ్ళం కాదు. నన్ను చూసి నారాయణమ్మగారూ విప్పింది. ఇద్దర్నీ చూసి పద్మా విప్పింది. మేనేజరు, "అవసరం లేదండి," అన్నాడు. మాకు అవసరమే.

దుర్గ ఎర్ర మీట కిందికి నొక్కింది.

గొలుసు ఆగింది. పన్నెండు పడవలూ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. పాట కూడా అదే మీట మీద ఉన్నట్టుంది, మధ్యలో తెగింది. బొమ్మ మొసలి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఒక్కసారిగా నీళ్ళు పడవల అంచులకి తగులుతున్న చప్పుడు వినబడింది. తపక్, తపక్ అని. అంతదాకా అక్కడ నీళ్ళున్నట్టే నాకు తెలియలేదు.

ఒళ్ళు స్వాధీనంలో లేని మనిషి నిలబడి పడవ ఎక్కకూడదు, కూచుని ఎక్కాలి. నేను ముందు దిగి పడవలో ఎదురుగా నిలబడ్డాను. పద్మ పడవ అంచుని పాదంతో అరుగుకి నొక్కిపట్టింది. దానికి నేను చెప్పలేదు, చిన్నప్పుడు చూసిందే. నారాయణమ్మగారిని అరుగు అంచున కూచోబెట్టి, ఒక కాలు తరువాత ఒక కాలు లోపలికి దింపించాం. నేను అరచేతులు ఇవ్వలేదు. అరచెయ్యి చెమటకి జారుతుంది. మోచేతుల దాకా చాచి పట్టుకోమన్నాను. దుర్గ వెనకనుంచి చంకల కింద చేతులు వేసింది. ముమ్మిడివరం పిల్లకి పడవ ఎక్కించడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక్క ఊపులో ఆవిడ బల్ల మీద కూచుంది.

"సర్దుకున్నారా అండీ?" అని అడిగాను.

ఆవిడ ఊఁ అనలేదు. పడవ పక్కకి ఒరిగి మళ్ళీ లేస్తోంది. ఆవిడ బల్ల అంచు గట్టిగా పట్టుకుని, దాన్ని ఒరగనిచ్చి, లేవనిచ్చి, అప్పుడు మెల్లిగా చెయ్యి వదిలి నీళ్ళలో పెట్టింది.

"సల్లగుండాది వదినా," అంది.

బొమ్మ నీటి ఏనుగు తల మీద నిజం లకుముకిపిట్ట వచ్చి వాలింది. వరసలో ఉన్నవాళ్ళెవరూ తొందర పెట్టలేదు. ఆవిడ చెయ్యి తడిగా పైకి తీసి, ముఖానికి రాసుకుని, "ఊఁ," అంది.

అప్పుడు దుర్గ మీట ఎత్తింది.

పది నిమిషాలు తిరిగాం. సిమెంటు కాలవని నేను వెక్కిరించాను, ఆ మాటలు వెనక్కి తీసుకోను. కాని పడవ ఊగింది. అది మాత్రం అబద్ధం కాదు. నారాయణమ్మగారు ఒక్క బొమ్మని కూడా చూడలేదు, దారంతా నీళ్ళనే చూసింది. "ఈ నీళ్ళు మా ఊరికిస్తే రెండు ఎండాకాలాలు గట్టెక్కుతాము," అంది ఒక మలుపులో. ఇంకో మలుపులో, "మీ గోదావరి నడిమధ్య ఇట్లనే ఉంటాదా?" అంది.

"ఉండదండి. అవతలి ఒడ్డున మనిషి చీమంత కనపడతాడు."

"అబ్బ," అంది. మళ్ళీ నీళ్ళలో చెయ్యి పెట్టి, "మా ఊర్ల మాత్రం ఇదే గోదావరి అని చెప్తాలే. ఎవురొచ్చి సూసేది," అంది. పద్మ నవ్వు ఆపుకోలేక పడవ అంచు మీద తల పెట్టేసింది. ఆ పిల్ల నవ్వడం ఆ నాలుగు రోజుల్లో నేను చూసింది అప్పుడే.

దిగిన చోట

ఎక్కిన చోట దించరని మాకు తెలియదు. మా రేవులో చుట్టూ తిరిగి వచ్చే పడవ ఎక్కడ ఎక్కితే అక్కడే ఆగుతుంది. ఇక్కడ ఇంకో వైపు, బొమ్మల కొట్టు దగ్గర దించారు. దింపేటప్పుడు మాత్రం దుర్గ అటునుంచి చూసి, అడక్కుండానే ఆపింది.

బొమ్మల కొట్లోంచి బయటికి వస్తే సిమెంటు నేల పెనంలా కాలుతోంది. ముగ్గురం చెప్పులు లేకుండా, నీడ ఉన్న చోట్ల ఆగుతూ, మళ్ళీ ఎక్కిన చోటికి నడిచాం. దారిలో చూస్తే మా వెనక పడవల్లో వచ్చినవాళ్ళు కూడా ఒట్టికాళ్ళతో గంతులేస్తూ వస్తున్నారు. ప్యాంట్లు, బూట్లు వేసుకునే మనుషులు.

అరుగు దగ్గరికి వెళితే అర్థమైంది. మా మూడు జతల పక్కన ఇంకో జత, దాని పక్కన ఇంకోటి, గుడి ముందులాగా వరసగా నలభై యాభై జతలున్నాయి. కోనసీమ మనిషికి ఒక చోట నాలుగు జతలు విప్పి కనబడితే చాలు, ఎందుకని అడగడు.

"విప్పక్కర్లేదని చెబుతున్నా ఎవరూ ఇనట్లేదండి," అంది దుర్గ. "మొదట్లో ఎవరో పెద్దావిడ విప్పారు, ఏదో ఉండే ఉంటాదని అంటన్నారు."

నా చెప్పులు వెతుక్కుంటుండగా ఒక ముసలాయన కనబడ్డాడు. పంచె, చేతిలో కర్ర, భుజానికి మూడు సంచులు. కొడుకూ కోడలూ మనవలూ వరసలో ఉన్నారు. ఆయన కమ్మీకి ఇవతల, సంచులకి కాపలాగా నిలబడ్డాడు. పడవలు దాటుతుంటే తల అటు తిరిగి, ఇటు తిరిగి వస్తోంది.

నేను అడగడానికి నోరు తెరిచాను, అంతలో దుర్గే అడిగింది.

"తాతగారూ, మీరు రారా అండి?"

"నాకెందుకమ్మా. పడవ ఆగదంట కదా, కర్ర ఉన్నోళ్ళు ఎక్కకూడదని బోర్డు మీద రాశారు," అన్నాడు.

దుర్గ మేనేజరు గదివైపు ఒకసారి చూసింది. అక్కడ తలుపు మూసి ఉంది. ఆమె జేబులో మడిచిపెట్టిన కాగితం ఒకటి తడుముకుంది. అది మా కాగితమే. తరువాత ఎర్ర మీట కిందికి నొక్కింది.

గొలుసు ఆగింది. పాట తెగింది. మొసలి ఈసారి నోరు మూసుకుని ఆగింది.

"ఆగుద్దండి," అంది దుర్గ. "సంచులు ఇలా ఇవ్వండి."

నారాయణమ్మగారు ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా నిలబడి, ఆ ముసలాయన కూచునేదాకా చూసింది. ఆయన మొదట నిలబడే అడుగు వేయబోయాడు. "కూచోని ఎక్కు నాయనా, కూచోని," అని అక్కడినుంచే చెప్పింది, పుట్టినప్పటినుంచి పడవలు ఎక్కిన మనిషిలాగా. ఆయన విన్నాడు. కూచున్నాడు, జరిగాడు, సర్దుకున్నాడు.

ఆవిడ ఇప్పుడు అనంతపురంలో ఉంది. ఆపరేషను ఇంకా కాలేదు. ఊళ్ళో ఏం చెప్పిందో నేను అడగలేదు. అల్లుడుగారు ఫోను చేసి, పార్కులో గొడవ పెట్టామట కదా అన్నారు. పెట్టామన్నాను.

మీలో ఎవరైనా వెళితే, కర్ర ఉన్నవాళ్ళు కర్రతోనే వెళ్ళండి. బోర్డు మీద ఏం రాసి ఉన్నా పడవ ఆగుతుంది. ఆగదని ఎవరైనా అంటే, మూడుసార్లు ఆగినప్పుడు నేను అక్కడ ఉన్నానని చెప్పండి. చెప్పులు మాత్రం చేత్తో పట్టుకుని ఎక్కండి. ఎక్కిన చోట దించరు.